కడుపులో కబురు, ఖజానాలో పద్దు

1822 జూన్ 6. అమెరికాలో మిషిగన్ ప్రాంతపు మాకినా దీవి మీద, బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసే అమెరికన్ ఫర్ కంపెనీ కొట్లో ఎవరి చేతిలోదో తుపాకీ పేలింది. గుండ్లు అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే పడవ కూలీ ఎడమ పక్కటెముకల కింద తగిలాయి. బతకడనుకున్నవాడు బతికాడు. గాయం మానింది గానీ కడుపుకు పడిన చిల్లు మాత్రం మూసుకోలేదు. వైద్యం చేసిన సైనిక డాక్టరు విలియం బోమాంట్ ఆ చిల్లులోంచి పట్టుదారానికి కట్టిన మాంసం ముక్కల్ని లోపలికి దింపి, గంటకోసారి పైకి లాగి ఎంత అరిగిందో చూసేవాడు. ఇలాంటి ప్రయోగాలు రెండు వందలకు పైగా చేసి 1833లో పుస్తకం వేశాడు. అందులో ఎక్కువ భాగం జీర్ణరసం గురించే. అయినా ఒకచోట ఆయన కన్ను పక్కకు వెళ్ళింది: కూలీకి కోపం వచ్చినప్పుడు కడుపు లోపలి తీరు మారుతోందని, అరుగుదల దెబ్బతింటోందని రాసుకున్నాడు.

1832లో ఇద్దరి మధ్యా ఒప్పందపత్రం నడిచింది. ఏడాదికి 150 డాలర్లు, తిండి, బట్ట, ఉండడానికి చోటు. బదులుగా కడుపును పరీక్షకు అప్పగించాలి. ఆ తర్వాత జీతం సర్కారు ఖాతాలో పడేలా సెయింట్ మార్టిన్‌ను సైన్యంలో సార్జెంటుగా నమోదు చేశారు. తన ఖర్చులు ఇప్పించమని బోమాంట్ అమెరికన్ కాంగ్రెస్‌కు పెట్టుకున్న అర్జీ మాత్రం చెల్లలేదు. పరిశోధనకు నేరుగా డబ్బివ్వని ప్రభుత్వం దొడ్డిదారిన సార్జెంటు జీతం ఇచ్చిందన్నమాట.

ఆకలి, దాహం, ఆయాసం, గుండెదడ, మూత్రం వస్తుందన్న ఒత్తిడి, కడుపులో తిప్పడం. వీటిని శరీరం మెదడుకు ఎలా చేరవేస్తుంది, మెదడు ఎలా చదువుకుంటుంది అన్న శాస్త్రాన్ని ఇవాళ ఇంటరోసెప్షన్ అంటున్నారు. దీని చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా సిద్ధాంతాల వరసలో రాస్తారు. నాకు పద్దుల వరసలో చదివితేనే అర్థమవుతుందనిపిస్తుంది. ఈ శాస్త్రానికి చాలాకాలం సొంత ఇల్లు లేదు. ఎవరు డబ్బు పెడితే వాళ్ళ ప్రశ్నకు జవాబు వెతికింది.

కబురు మోసే నరాల సంగతి శాస్త్రవేత్తలకు ముందే తెలుసు. ఊపిరితిత్తులు ఉబ్బగానే వేగస్ నరం ఆ వార్తను పైకి పంపి, పీల్చడం ఆపిస్తుందని వియన్నాలో హెరింగ్, బ్రాయర్ 1868లోనే చూపించారు. ఈ బ్రాయరే తర్వాత ఫ్రాయిడ్‌తో కలిసి హిస్టీరియా మీద పుస్తకం రాశాడు. ఊపిరి నుంచి మనసు దాకా ఒకే మనిషి ప్రయాణించాడు గానీ, ఆ రెండు పనుల్నీ కలిపే చోటు ఆనాటి విశ్వవిద్యాలయంలో లేదు. 1906లో ఇంగ్లండు శరీరశాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ తన గ్రంథంలో ఇంద్రియాలను వర్గీకరిస్తూ బయటి లోకాన్ని పట్టేవి, కండరాల కదలికను పట్టేవి, లోపలి తలాన్ని పట్టేవి అని విడదీశాడు. ఆ మూడో వర్గానికి ఆయన పెట్టిన పేరే ఇవాళ్టి శాస్త్రానికి మూలం. ఆయన దృష్టిలో అది ముఖ్యంగా పేగుల లోతట్టు. ఇప్పుడు గుండె, రక్తపోటు, రక్తంలోని రసాయనాలు అన్నీ దాని కిందికే వచ్చాయి. వేగస్‌లో సుమారు 80 శాతం తీగలు శరీరం నుంచి మెదడుకు వెళ్ళేవే. ఆ నరాన్ని మెదడు హుకుం జారీచేసే దారిగానే తరతరాల వైద్య విద్యార్థులు చదువుకున్నారు.

అదే కాలంలో హార్వర్డ్‌లో తగువు మొదలైంది. మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1884లో ఒక వ్యాసం రాసి, భయం వల్ల గుండె కొట్టుకోదు, గుండె కొట్టుకోవడం తెలియడమే భయం అన్నాడు. అదే హార్వర్డ్‌లో తర్వాతి తరం శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ దీన్ని ఒప్పుకోలేదు. విచిత్రమేమిటంటే లోపలి కబురును కళ్ళకు కట్టించినవాళ్ళలో కాననే ముందున్నాడు. 1912లో ఆయన శిష్యుడు వాష్‌బర్న్ ఒక రబ్బరు బుడగను గొట్టంతో సహా మింగాడు. కడుపు ముడుచుకున్నప్పుడల్లా బుడగ నొక్కుకుని, మసి పూసిన కాగితం మీద గీత లేస్తుంది. ఆకలి వేసినప్పుడల్లా వాష్‌బర్న్ మీట నొక్కాలి. గీతా మీటా జంటగా నడిచాయి. దీనికి ఖర్చు బుడగా, గొట్టమూ, ఓ విద్యార్థి ఓపికా. ఇదే కానన్ 1927లో, లోపలి అవయవాలకు స్పర్శ తక్కువ, వాటి స్పందన నిదానం, కనుక ఉద్వేగాలకు అవి మూలం కావు అని వాదించాడు. పెద్దమనిషి మాట. దానికి బరువెక్కువ. పడమటి దేశాల మనస్తత్వశాస్త్రం చాలాకాలం శరీరం లోపలికి తొంగిచూడకపోవడానికి ఆ వ్యాసం ఒక్కటే కారణమని అనను గానీ, తలుపు దగ్గరగా వేసింది మాత్రం అదే.

రష్యాలో కథ వేరు. అక్కడ మొదట దాతలు, తర్వాత రాజ్యం. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఓల్డెన్‌బర్గ్ యువరాజు 1890లో ఒక ప్రయోగ వైద్య సంస్థ పెట్టాడు. 1893లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ దానికి 10,000 రూబుళ్ళిచ్చాడు. ఆ సొమ్ముతో పావ్‌లోవ్ ప్రయోగశాల పెరిగింది. అదే నోబెల్ పేరిట ఇచ్చే బహుమతి 1904లో పావ్‌లోవ్‌ను వరించింది. కుక్కల జఠరరసాన్ని వడగట్టి, సీసాల్లో పోసి, అజీర్తి మందుగా అమ్మి కూడా ఆ ప్రయోగశాల డబ్బు సంపాదించింది. గ్రాంటు కోసం ఎదురుచూసే నేటి శాస్త్రవేత్త ఎవరైనా ఈ మాట విని అసూయపడవచ్చు.

పావ్‌లోవ్ శిష్యుడు కాన్‌స్టాంటిన్ బీకోవ్ గురువు పనిని లోపలి అవయవాల వైపు తిప్పాడు. ఆయన సహచరుడు ఐరపెత్యాంట్స్ చేసిన ఒక ప్రయోగం గురించి ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు జలదరిస్తుంది. మూత్రాశయానికి గొట్టం అమర్చిన రోగుల ఎదుట ఒత్తిడి కొలిచే ముల్లున్న పలక పెట్టారు. గొట్టం ద్వారా నీరు ఎక్కిస్తున్నకొద్దీ ముల్లు పైకి కదులుతుంది, రోగికి ఆపుకోలేని ఒత్తిడి వస్తుంది. కొన్నాళ్ళకు నీరు ఎక్కించకుండా ముల్లును మాత్రమే కదిపారు. ఒత్తిడి వచ్చేసింది. లోపలి నుంచి వచ్చిన వార్తకూ, అలా వస్తుందని మెదడు వేసుకున్న అంచనాకూ తేడా తెలుసుకోవడం ఎంత కష్టమో ఈ ఒక్క ముల్లు చెప్పింది. ఇవాళ పానిక్ ఎటాక్ గురించి మాట్లాడే డాక్టర్లు చెప్పేది చాలావరకు ఇదే.

అయితే రాజ్యం డబ్బు పెడితే రాజ్యం లెక్కా అడుగుతుంది. 1950 వేసవిలో సోవియట్ సైన్సు అకాడమీ, వైద్య అకాడమీ కలిసి జరిపిన సమావేశంలో పావ్‌లోవ్ బాట తప్పారంటూ లియోన్ ఓర్బెలీ లాంటి పెద్దల్ని నిలదీసి పదవుల నుంచి దించారు. ఆ సమావేశంలో ప్రధాన ప్రసంగం చేసినవారిలో బీకోవ్ ఒకడు. కొత్తగా ఏర్పడిన పావ్‌లోవ్ శరీరధర్మ సంస్థకు అధిపతీ ఆయనే. లోపలి అవయవాల నుంచి వచ్చే సంకేతాల మీద ప్రపంచంలో ఎక్కడా లేనంతగా అక్కడ ఒక పద్ధతిగా పని జరిగింది, నిజమే. కానీ మెదడు పైపొరే సర్వాధికారి అన్న ఒకే పాటను అందరూ పాడాల్సి వచ్చింది. సమన్వయం అంటే అందరిచేతా ఒకే మాట చెప్పించడం అని అపార్థం చేసుకుంటే ఏమవుతుందో చూపించడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఆ పని సంగతి అమెరికన్లకు వివరంగా తెలిసింది 1961లో, మనస్తత్వవేత్త గ్రెగరీ రజ్రాన్ ఒక సుదీర్ఘ సమీక్ష రాశాక.

మన దేశపు అధ్యాయం ఇక్కడే వస్తుంది. దానికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా ఫిర్యాదు. అవతార్ సింగ్ పైంటాల్ బర్మాలోని మోగోక్‌లో 1925లో పుట్టి, లక్నోలో వైద్యం చదివి, రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్‌తో ఎడిన్‌బరో వెళ్ళాడు. పిల్లి వేగస్ నరాన్ని సూక్ష్మదర్శిని కింద పోగులు పోగులుగా విడదీసి, ఒక్క పోగులో నడిచే విద్యుత్ సంకేతాన్ని వినడం ఆయన విద్య. 1954లో కడుపు సాగుదలను పట్టే గ్రాహకాల మీద ఆయన పత్రం వచ్చింది. కడుపు నిండిందన్న తృప్తికి మూలం ఎక్కడో అది చూపింది. 1955లో ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల పక్కన ఉండే మరో రకం గ్రాహకాల సంగతి బయటపెట్టాడు. వాటికి జె గ్రాహకాలని ఆయనే తర్వాత పేరుపెట్టాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరడం మొదలైతే అవి మేలుకుంటాయి. గుండెజబ్బు మనిషి నాలుగు మెట్లెక్కి ఆయాసపడి ఆగిపోవడంలో వాటి పాత్ర ఉందని ఆయన వాదన. 1990లలో ఢిల్లీలో ఆయనా సహచరులూ లోబెలిన్ అనే మందును మనుషులకూ పిల్లులకూ ఇచ్చి, గొంతులో, ఛాతీ పైభాగంలో కలిగే ఆ ఇబ్బందికీ నరాల్లోని సంకేతాలకూ లంకె కట్టి చూశారు. అంటే పిల్లి నరంలో వినిపించిన చప్పుడు మనిషి నోట మాటగా ఎలా మారుతుందన్న దాకా ఒకే ప్రశ్నను నలభై ఏళ్ళు వదలకుండా పట్టుకున్నాడు. ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ సంస్థకు డైరెక్టరుగా, తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధిపతిగా పనిచేశాడు. 1981లో లండన్ రాయల్ సొసైటీ ఆయన్ను ఫెలోగా ఎన్నుకుంది.

పైంటాల్ తొలి పత్రాలు వచ్చిన రోజుల్లోనే మన దేశానికి ఇంకో రకం శాస్త్రవేత్తలు వచ్చారు. యోగులు గుండెను ఆపేయగలరన్న మాట నిజమో కాదో తేల్చడానికి 1957లో అమెరికా నుంచి మేరియన్ వెంగర్, బసు బాగ్చీ మోసుకెళ్ళగలిగే కొలత యంత్రంతో దేశం తిరిగారు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని బి.కె. ఆనంద్ వాళ్ళతో చేతులు కలిపాడు. ఆకలిని నడిపే కేంద్రం మెదడులో ఎక్కడుందో 1951లో యేల్‌లో బ్రోబెక్‌తో కలిసి చూపిన ఆనందే ఈయన. 1961లో వచ్చిన వాళ్ళ పత్రం తేల్చిందేమిటంటే, యోగి ఊపిరి బిగబట్టి కండరాలు బిగిస్తే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు చేరే రక్తం తగ్గుతుంది, నాడి అందదు, గుండె చప్పుడు వినబడదు. ఈసీజీలో మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. బాగా చేసిన పరిశోధన, సందేహం లేదు. కానీ ప్రశ్న ఏది? యోగి గుండెను ఆపగలడా అని. యోగి తన గుండెను మనకంటే బాగా వినగలడా అన్న ప్రశ్న పక్కన పడిపోయింది. వింతకు ఉన్న గిరాకీ నిదానపు పనికి ఉండదు.

1960ల చివర్లో అమెరికాలో బయోఫీడ్‌బ్యాక్ జోరు, అంటే శరీరం లోపలి కొలతల్ని చూసుకుంటూ వాటిని అదుపు చేసుకోవడం నేర్పే పద్ధతి. మనస్తత్వవేత్త నీల్ మిల్లర్ 1969లో, ఎలుకలకు గుండె వేగాన్ని మార్చుకోవడం నేర్పించామని రాశాడు. ఆ ఫలితాలు మళ్ళీ రాలేదని కొన్నేళ్ళకు మిల్లరే ఒప్పుకున్నాడు. మధ్యలో ఆశలు చాలా దూరం వెళ్ళిపోయాయి.

1981లో మ్యూనిక్‌లో రైనర్ షాండ్రీ ఒక తేలిక పరీక్ష తయారుచేశాడు. నాడి పట్టుకోకుండా, ఛాతీ మీద చెయ్యి వేసుకోకుండా, కొన్ని సెకన్లపాటు మీ గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో మనసులో లెక్కపెట్టండి. ఈసీజీ లెక్కతో సరిపోలితే మీకు లోపలి చెవి ఉన్నట్టు. ఒక ఈసీజీ యంత్రం, ఒక కుర్చీ ఉంటే చాలు. పెద్ద గ్రాంటు లేని ప్రయోగశాలలన్నీ దాన్నే పట్టుకున్నాయి. కంగారు, కుంగుబాటు, తిండి రుగ్మతలు అన్నిటినీ ఆ లెక్కతోనే తూచారు. చిక్కేమిటంటే తన గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుందని ముందే తెలిసినవాడు ఏమీ వినకపోయినా జవాబు చెప్పేయగలడు. ఈ అనుమానం 1990ల నుంచే ఉంది. 2018లో బెల్జియం నుంచి వచ్చిన ఒక పత్రం ఆ మార్కుల్నే నమ్మలేమని గట్టిగా చెప్పింది. చవక కొలత మీద కట్టిన సాహిత్యాన్ని ఇప్పుడు మళ్ళీ జల్లెడ పట్టాలి.

మెదడు స్కానర్లు వచ్చాక పరిస్థితి మారింది. అరిజోనాలోని బ్యారో సంస్థలో బడ్ క్రెయిగ్ వెన్నుపాము మొదటి పొర నుంచి మెదడులోని ఇన్సులా దాకా ఒక దారి ఉందని ఏళ్ళ తరబడి తవ్వి, 2002లో దాన్నంతా ఒక వ్యాసంలో పెట్టాడు. నొప్పి, వేడి, దురద, ఆకలి ఇవన్నీ శరీరం తన స్థితి చెప్పుకునే ఒకే ఇంద్రియానికి చెందినవన్నది ఆయన వాదం. 2004లో లండన్‌లో హ్యూగో క్రిచ్లీ బృందం, 17 మందిని స్కానర్‌లో ఉంచి తమ గుండె చప్పుడుకు తగ్గట్టు శబ్దం వస్తోందా లేదా చెప్పమంది. ఎవరిలో ఇన్సులా కుడి ముందుభాగం ఎక్కువ చురుగ్గా ఉందో వాళ్ళే బాగా చెప్పగలిగారు. కానన్ మూసిన తలుపు తెరుచుకుంది.

ఇక డబ్బు ఎక్కడ వెతకాలి? అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో 27 సంస్థలు, కేంద్రాలు ఉన్నాయి. గుండె, ఊపిరితిత్తులకు ఒకటి. పేగులకు, మూత్రపిండాలకు ఇంకొకటి. మనోవ్యాధులకు వేరు, నరాలకు వేరు. గుండెదడతో వచ్చిన రోగికి గుండె బాగానే ఉందని డాక్టరు పంపించేస్తే అతను ఏ సంస్థ బాధ్యత? మన ఆసుపత్రుల్లో ఓపీ చీటీ పట్టుకుని ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి తిరిగిన వాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. దరఖాస్తు పట్టుకుని తిరిగే శాస్త్రవేత్తదీ అదే అవస్థ. 2014లో ఎన్‌ఐహెచ్ మొదలుపెట్టిన స్పార్క్ పథకం అవయవాలకు వెళ్ళే నరాల పటాలు గీయడానికి పెద్ద మొత్తమే కేటాయించింది. కానీ దాని గురి నరాల్ని విద్యుత్‌తో తట్టి జబ్బు నయం చేసే పరికరాలు. శరీరం చెప్పేది వినడం కంటే శరీరానికి చెప్పడం మీదే అక్కడ ఆసక్తి.

ఈ మెలిక విప్పడానికి ముందుకొచ్చింది ఎవరో చూడండి. 1990ల ఆరంభంలో సెనేటర్ టామ్ హార్కిన్ పట్టుదల వల్ల ఎన్‌ఐహెచ్‌లో 20 లక్షల డాలర్లతో ప్రత్యామ్నాయ వైద్య కార్యాలయం ఒకటి పుట్టింది. ఆక్యుపంక్చర్, ధ్యానం, యోగా లాంటివి పరీక్షించడం దాని పని. ప్రజల సొమ్ముతో చిట్కావైద్యం నడుపుతున్నారని దాన్ని వెక్కిరించినవాళ్ళు చాలామంది. కొన్ని విమర్శలు న్యాయమైనవే. 1998లో అది కేంద్రమైంది, 2014 చివర పూరక, సమగ్ర ఆరోగ్య కేంద్రంగా పేరు మార్చుకుంది. 2018లో హెలెన్ లాంజెవిన్ అధిపతి అయ్యింది. ధ్యానం, ఊపిరి వ్యాయామం, మర్దన నిజంగా పనిచేస్తే ఏ దారిన పనిచేస్తున్నాయి? ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే లోపలి కబుర్ల శాస్త్రం తప్పదు. వింతను దాటి దాని వెనకున్న దారిని అడగడం 1957లో జరగలేదు. అరవై ఏళ్ళకు జరిగింది.

ప్రైవేటు సొమ్ము కూడా తోడైంది. ఓక్లహోమాలోని టల్సాలో దాతృత్వ నిధులతో నడిచే లారియేట్ మెదడు పరిశోధన సంస్థ 2016లో ఈ రంగం వాళ్ళందర్నీ ఒకచోట చేర్చింది. అక్కడి చర్చలు 2018లో సహీబ్ ఖాల్సా, మిత్రుల మార్గసూచిగా వచ్చాయి. 2019 ఏప్రిల్‌లో ఎన్‌ఐహెచ్ తన సంస్థల ఉమ్మడి వేదిక అయిన న్యూరోసైన్స్ బ్లూప్రింట్ తరఫున కార్యశాల పెట్టింది. 2004లో ఏర్పడిన ఈ బ్లూప్రింట్‌లో సంస్థలు తలా కొంత వేసుకుని, ఏ ఒక్కదానిదీ కాని ప్రశ్నలకు ఖర్చు పెడతాయి. 2021లో మెదడుకూ అవయవాలకూ మధ్య ఉన్న నరాల దారులు కనిపెట్టే 7 ప్రాజెక్టులకు, 5 ఏళ్ళకు కలిపి సుమారు 1.8 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి.

లెక్క వేసి చూస్తే ఒక్కో ప్రాజెక్టుకు ఏడాదికి 5 లక్షల డాలర్లు. అమెరికా మెదడు పరిశోధన పథకం బ్రెయిన్ ఇనిషియేటివ్‌కు 2023 ఒక్క ఏడాదికే 68 కోట్ల డాలర్లు దక్కాయి. వీటిని పక్కపక్కన పెడితే మొదటిది చిల్లర ఖర్చు. అయినా నా అంచనాలో ఈ కథలో తెలివిగా పెట్టిన పెట్టుబడి అదే. ఏం కనుక్కోవాలో అది చెప్పలేదు. దారి రెండు కొసల్నీ, అంటే అవయవాన్నీ మెదడునీ, కలిపి చూడమంది, అంతే. బీకోవ్ కాలపు సమన్వయానికీ దీనికీ తేడా అక్కడుంది.

అప్పటికి పనిముట్లు కూడా సిద్ధమయ్యాయి. ఒత్తిడిని పట్టే పీజో ప్రొటీన్లను 2010లో కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లోనే నోబెల్ వచ్చింది. ఊపిరితిత్తులు ఉబ్బడం, రక్తపోటు పెరగడం, మూత్రాశయం నిండడం, ఈ మూడింటినీ శరీరం పట్టడంలో పీజో ప్రొటీన్ల పాత్ర బయటపడింది. పైంటాల్ పోగులు విడదీసి విన్న చప్పుళ్ళ వెనక ఉన్న తలుపుల్లో కొన్ని ఇవి. హార్వర్డ్‌లో స్టీఫెన్ లిబర్లెస్ వేగస్ తీగల్ని జన్యువుల గుర్తులతో వేరుచేశాడు. 2023లో స్టాన్‌ఫర్డ్‌లో కార్ల్ డైసరోత్ బృందం ఎలుకలకు కాంతి చిమ్మే చిన్న కోటు తొడిగి, గుండెను నిమిషానికి 900 సార్లు కొట్టుకునేలా చేసింది. ప్రమాదం పొంచి ఉన్న చోట ఆ ఎలుకలు బెదిరాయి. ఇన్సులాను అణచగానే బెదురు తగ్గింది. జేమ్స్ 1884లో అన్న మాటకు ఎలుక వంతు సాక్ష్యం.

2025 అక్టోబరులో పటపూటియన్, లీ యే, సహచరులకు లోపలి సంకేతాల పూర్తి పటం గీయడానికి ఎన్‌ఐహెచ్ 5 ఏళ్ళకు 1.42 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2021లో ఏడు ప్రాజెక్టులకు కలిపి ఇచ్చినదానికి దగ్గర మొత్తం ఒక్క బృందానికే. అదే ఏడాది అమెరికా అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదన ఎన్‌ఐహెచ్ సంస్థల్ని కుదించి, పూరక, సమగ్ర ఆరోగ్య కేంద్రాన్ని పూర్తిగా ఎత్తేయాలంది. ఈ శాస్త్రానికి మొదటిసారి గొడుగు పట్టిన కేంద్రమే అది.

మన దగ్గర శాస్త్ర సాంకేతిక విభాగం 2008లో మేధో శాస్త్రాల పథకాన్నీ, 2015లో యోగా, ధ్యానాల మీద సత్యం పథకాన్నీ మొదలుపెట్టింది. ఆయుష్‌కు మంత్రిత్వశాఖే ఉంది. ఐసీఎంఆర్‌కు పైంటాల్ వారసత్వం ఉంది. యోగా చేస్తే మంచిదని చాటే అధ్యయనాలకు డబ్బు కొరత లేదు. ఊపిరి నెమ్మదిస్తే ఏ నరం ఏ కబురు పంపుతుందో తేల్చే పనికి కావాలి. ఈ మూడు శాఖలూ కలిసి ఒకే ప్రకటన ఇవ్వాలి: గుండె డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు, మానసిక వైద్యుడు, నరాల శాస్త్రవేత్త ఒకే దరఖాస్తు మీద సంతకం పెడితేనే నిధులు. ఫలితం ఏం రావాలో మాత్రం ముందే రాయకూడదు.